పాత అంబాసిడర్‌లో స్టీరింగ్ ప్లే (చక్రం కదలకుండానే స్టీరింగ్ తిరిగే ఖాళీ) ఎక్కువైతే ర్యాక్ మొత్తం మార్చాలా?

చాలా సందర్భాల్లో అక్కర్లేదు. అరిగిన టై రాడ్ ఎండ్‌లు మారిస్తే చాలు. 2014లో తయారీ ఆగిపోయిన బండికి మంచి ర్యాక్ దొరకడం ఎలాగూ కష్టమే.

అంబాసిడర్‌ది ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్. అంటే స్టీరింగ్ తిప్పితే పినియన్ అనే చిన్న పళ్ల చక్రం, ర్యాక్ అనే పళ్ల కడ్డీని పక్కకు జరుపుతుంది. ర్యాక్ కదలికను చక్రానికి అందించేది టై రాడ్. దాని కొసన బాల్ జాయింట్ ఉంటుంది, అదే టై రాడ్ ఎండ్. రబ్బరు తొడుగు చిరిగితే గ్రీజు పోయి, దుమ్మూ నీరూ చేరి జాయింట్ అరుగుతుంది. ఆ ఖాళీ మేరకు స్టీరింగ్ తిరిగినా చక్రం కదలదు.

అది అరిగిందో లేదో చూడాలంటే, బండి నేల మీదే ఉండగా ఒకరు స్టీరింగ్‌ను కొద్దిగా అటూ ఇటూ ఆడిస్తుంటే, మరొకరు జాయింట్ మీద వేళ్లు ఆనించాలి. రాడ్ ముందు కదిలి, చక్రం వైపు ఆర్మ్ ఆలస్యంగా 'టక్'మని కదిలితే ఆ ఎండ్ మార్చాల్సిందే.

ర్యాక్‌ను బిగిస్తే ప్లే పోతుందన్నది అపోహ. అరిగిన జాయింట్‌ను అది బాగుచేయదు. పైగా ర్యాక్ మధ్యలోనే ఎక్కువ అరుగుతుంది కనుక అక్కడికి సరిపోయేలా బిగిస్తే, పూర్తిగా తిప్పినప్పుడు పట్టేస్తుంది. పాత ఎండ్ ఎన్ని చుట్లకు ఊడివచ్చిందో లెక్కపెట్టి కొత్తది అన్నే చుట్లు బిగించినా అది గ్యారేజీ దాకా నడపడానికే. వీల్ అలైన్‌మెంట్ (చక్రాల దిశ సరిచేయడం) చేయించకపోతే ముందు టైర్లు అంచుల్లో అరిగిపోతాయి.