తాగుడు మానిన మూడో రోజు వణుకు, గోడ మీద చీమలు: గ్లూకోజు సీసాకు ముందు

తాగుడు మానిన మూడో రోజు మీ నాన్నగారికి వణుకు పట్టుకుందని, నీరసమనుకుని గ్లూకోజు పెట్టిద్దామనుకుంటున్నామని అడిగారు. అది మీరనుకుంటున్న నీరసం కాదు. ఇరవై ఏళ్ల తాగుడు ఒక్కసారిగా ఆపినందువల్ల వచ్చే డెలిరియం ట్రెమెన్స్, అంటే వణుకుతో కూడిన మతిభ్రమ, కావచ్చు. చెమటలు, వణుకు, గోడ మీద లేని చీమలను ఏరడం, అర్ధరాత్రి పొలానికి బయలుదేరడం, అన్నీ దానికే సరిపోతున్నాయి. చివరిసారి తాగిన 6 నుంచి 48 గంటల్లో మూర్ఛలు, 48 నుంచి 96 గంటల్లో ఈ మతిభ్రమ రావచ్చు. వైద్యం అందకపోతే ప్రాణాంతకం.

1. ఇప్పుడే 108కి ఫోను చేయండి. తెల్లవారేదాకా ఆగకండి.

2. లైటు వేసి ఉంచండి, పక్కనే ఉండండి. మూర్ఛ వస్తే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, చేతిలో తాళాలు పెట్టవద్దు.

3. చాలామంది తప్పేది ఇక్కడే. పరువు కోసం తాగుడు సంగతి దాచి, నీరసమని చెప్పి గ్లూకోజు పెట్టిస్తారు. మా మేనమామ విషయంలో మేమూ దాచాం, మూర్ఛ వచ్చాకే నోరు విప్పాం. చివరిసారి ఎప్పుడు తాగారో, రోజుకు ఎంతో, ఇదివరకు మూర్ఛ వచ్చిందో లేదో డాక్టరుకు చెప్పండి. ఏళ్ల తరబడి తాగినవారి ఒంట్లో థయామిన్, అంటే బి1 విటమిన్, అడుగంటి ఉంటుంది. అది లేకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు. "థయామిన్ ఇంజెక్షన్ ఇచ్చారా?" అని మొహమాటం లేకుండా అడగండి. షుగర్ బాగా పడిపోయి ఉంటే మాత్రం గ్లూకోజు ఆపమనకండి, రెండూ కలిపి ఇస్తారు.

4. ఇంట్లో ఉన్న నిద్రమాత్రలు సొంతంగా వేయకండి.

గండం గడిచాక, మానడానికి సాయం కావాలంటే 14446కు ఫోను చేయండి.