మా అమ్మాయి సైకాలజీ చదువుతానంటోంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పాసైంది. వాతావరణం మారుతోందని తెలిసినా మనుషులు ఎందుకు మారరో చదువుతానని, డిగ్రీలో సైకాలజీ తీసుకుంటానంటోంది. చుట్టాలు నవ్వుతున్నారు. అగ్రికల్చర్ బీఎస్సీ మేలా, ఇది మేలా?

జవాబు: మీరు అడిగింది రెండు కోర్సుల గురించే గానీ, మీ టెన్షన్ అంతా చుట్టాల నవ్వు గురించేనండి. వాళ్ళ మాట పట్టుకుని పిల్లను తక్కువ చేయకండి. ఆమె అడుగుతున్న ప్రశ్న ఊరి పెద్దలు ఎప్పుడో అడగాల్సింది.

రొయ్యల చెరువు తవ్వితే పక్క చేలోకి ఉప్పు ఊరుతుందని డెల్టాలో తెలియనిదెవరికి? అయినా తవ్వుతారు. పక్కవాడు తవ్వాక, తన వరి ఎలాగూ పండదని ఇవతలి రైతూ తవ్వుతాడు. ఉమ్మడి నీళ్ళను, చేపలను, అడవులను ఊరివాళ్ళే కట్టుబాట్లు పెట్టుకుని ఎలా కాపాడుకోగలరో చూపినందుకే అమెరికా పరిశోధకురాలు ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. తువ్వాళ్ళు మళ్ళీ వాడుకోమని దిగినవాళ్ళను ఎలా ఒప్పించాలో చూడటానికి అమెరికాలో ఒక హోటల్లో చేసిన ప్రయోగం 2008లో అచ్చయింది. ‘పర్యావరణాన్ని కాపాడండి’ అని రాసిన కార్డు కన్నా, ‘ఇక్కడ దిగినవాళ్ళలో ఎక్కువమంది తువ్వాళ్ళు మళ్ళీ వాడుకున్నారు’ అన్న కార్డే బాగా పనిచేసింది. మీ అమ్మాయి చదువుదామనుకుంటున్నది ఇలాంటి విషయాలే.

అయితే నాకు గట్టి అనుమానాలూ ఉన్నాయి. ‘క్లైమేట్ సైకాలజిస్ట్’ కావాలన్న ఉద్యోగ ప్రకటనలు మన దగ్గర దాదాపు కనబడవు. కొన్ని వారాల్లో ఆ పేరు తెచ్చిపెడతామనే ఆన్‌లైన్ సర్టిఫికెట్లకు ఒక్క రూపాయి కట్టొద్దు. సర్వే చేయడం, లెక్కలు తీయడం వస్తేనే విపత్తులు, ఆరోగ్యం, తాగునీటి పనులు చూసే సంస్థల్లో చోటు దొరుకుతుంది. డిగ్రీ ఒక్కటే చాలదు, పీజీ తప్పదు. ఆ ఖర్చు ఇప్పుడే లెక్కేసుకోండి. చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్ట్ కావాలంటే దారి వేరు. కేంద్ర ప్రభుత్వ సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చేసి, అక్కడ రిజిస్టర్ కావాలి.

అగ్రికల్చర్ సీటొస్తే అదీ మంచి చదువే. అందులో ఎక్స్‌టెన్షన్ అనే విభాగం ఉంది. కొత్త పద్ధతిని రైతు ఎందుకు పట్టుకుంటాడో, ఎందుకు వదిలేస్తాడో చదివేది అక్కడే. కాబట్టి అటు వెళ్ళినా ఆమె ప్రశ్న ఆమెతోనే ఉంటుంది, భయపడకండి.

సైకాలజీయే అంటే మాత్రం స్టాటిస్టిక్స్ గట్టిగా నేర్పే కాలేజీ వెతకండి. చుట్టాలకు జవాబు చెప్పే పని మీరు తీసుకోండి, అమ్మాయి మీద పెట్టకండి.