పిడికెడు బియ్యం డబ్బా, అంగట్లో ఖాతా

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: కందుకూరు వైపు చిన్న క్రైస్తవ సంఘం మీది. ఇన్నాళ్లూ క్రిస్మస్‌కు చీరలు, దుప్పట్లు పంచడంతో సరిపెట్టుకున్నారు. ఈ ఏడు ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలం నలభై రోజులూ బీద కుటుంబాలకు ఏదైనా చేయాలనుకుంటున్నారు. ఎవరికి ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి అని అడిగారు. మాది ఒంగోలుకు దగ్గరి పల్లె. మా సంఘంలో స్త్రీల సమాజం లెక్కలు పదకొండేళ్లుగా నేనే రాస్తున్నాను. ఒకప్పుడు పుచ్చుకున్నవాళ్ల వరుసలో కూడా నిలబడ్డాను. ముందు ఆ సంగతి చెబుతాను.

మా నాన్న పొగాకు ఆకు కాల్చే బ్యారన్ దగ్గర పని చేసేవాడు, అమ్మ ఆకు గ్రేడింగుకు కూలికి పోయేది. నేను ఐదో తరగతిలో ఉండగా ఒక క్రిస్మస్ సభలో మైకులో నా పేరు చదివి, ముందు 'నిరుపేద విద్యార్థిని' అని తగిలించి, వేదిక మీదికి పిలిచి గళ్ల గౌను ఇచ్చారు. ఫోటో సరిగా పడలేదని రెండోసారి ఇచ్చారు. మా తరగతి లీడరు ముందు వరుసలో కేకు తింటూ చూస్తోంది. గుడ్డ మంచిదే, కుట్టు కూడా గట్టిదే. కానీ మరుసటి ఏడు పంపకం రోజున నాకు కడుపునొప్పి వచ్చింది. ఆపై ఏడు కూడా వచ్చింది. అమ్మకు కారణం తెలుసు, అయినా వాము నీళ్లు ఇచ్చి ఊరుకుంది.

కాబట్టి ఏమి ఇవ్వాలన్నదాని కంటే ఎలా ఇవ్వాలన్నదాని మీదే నాకు పట్టుదల ఎక్కువ. బైబిల్లో పరిగె ఏరుకునే బీద విధవరాలు రూతు కథ మీకు తెలిసిందే. పొలం యజమాని బోయజు ఆమెను పిలిచి గంపెడు యవలు చేతిలో పెట్టి పంపేయవచ్చు. అలా చేయకుండా, ఆమె ఏరుకునేందుకు పనల్లోంచి కొన్ని పరకలు కావాలనే జారవిడవమని, ఆమెను గద్దించవద్దని కోతవాళ్లకు చెప్పాడు. రూతు ఇంటికి తీసుకుపోయింది తన రెక్కల కష్టం. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర చేసింది కూడా ఇంచుమించు ఇదే. 1876-78 నాటి ధాత కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు కూలి డబ్బులు ఇప్పించాడు. అన్నం కోసం ఎవరూ సంఘంలో చేరకూడదని, కరువు సాయం నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మన సభల్లో ప్రతి ప్రసంగీకుడూ చెబుతాడు. అంతకు ముందు ఆపిన నెలల గురించి చెప్పేవాళ్లు తక్కువ. అన్నం పెట్టిన చేతిని ఆకలిగొన్నవాడు మరిచిపోడు కాబట్టి, ఆపినంత మాత్రాన ఆ మొహమాటం పూర్తిగా పోయిందని నేను అనను. అయినా ఆపడం ఆపకపోవడం కంటే మేలు. మేము కూడా అదే నియమం పెట్టుకున్నాం. సాయం అందుకుంటున్న ఇంటివాళ్లను ఆ నెలల్లో గుడికి రమ్మని పిలవం. వాళ్లంతట వాళ్లు వస్తే కూర్చోబెడతాం, అంతే.

ఇక పని సంగతి. నా చిన్నప్పుడు మా ఇంట్లో శ్రమల కాలం అంటే మంచి శుక్రవారం ఒక్కటే. భస్మ బుధవారం నుంచి నలభై రోజుల కూటాలు మాకు తర్వాత అలవాటయ్యాయి. ఆ రోజుల్లో మా ఆడవాళ్లు పాత పద్ధతి ఒకటి మళ్లీ మొదలుపెట్టారు. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి డబ్బాలో వేయడం. ఒక ఇంటి నుంచి నెలకు మూడు కిలోల దాకా వస్తుంది. పాతిక ఇళ్లు నియమంగా వేస్తే డెబ్బై ఐదు కిలోలు. మొదటి ఏడాది ఆ బియ్యమే సంచుల్లో పోసి పంచాం. అది పెద్ద పొరపాటు. ఒకరి సన్నబియ్యం, ఒకరి రేషను బియ్యం, ఒకరి పాతవి, ఒకరి కొత్తవి కలిసిపోయి, వండితే సగం ముద్ద, సగం పలుకు. పుచ్చుకున్న ఒకామె మొహమాటపడుతూనే, "అక్కా, దీన్ని కోళ్లు కూడా ఏరుకుని తింటున్నాయి" అంది.

అప్పటి నుంచి ఆ బియ్యాన్ని దోసెల పిండికి పనికొస్తాయని టిఫిను కొట్టు ఆయనకు అమ్ముతున్నాం. ఆ డబ్బు, ఉపవాసం ఉన్నవాళ్లు మిగిల్చిన పూట ఖర్చు, మాంసం మానేసినవాళ్ల ఆదివారం డబ్బు కలిపి ఊళ్లో అంగడికి చేరుస్తాం. అంగట్లో ఫలానా ఇంటి ఖాతాకు జమ. ఆ ఇంటివాళ్లు అందరిలాగే వెళ్లి, కందిపప్పు కావాలో, సబ్బు కావాలో, పిల్లలకు బిస్కెట్లు కావాలో తెచ్చుకుంటారు. చూసేవాళ్లకు అది అరువు సామాను. మొదట్లో అంగడి ఆయన ఇదేమి లెక్క అని విసుక్కున్నాడు. ఆ తర్వాతి ఏడు మాల వేసుకుని ఉన్న రోజుల్లో, ఒక ఇంటి ఖాతాలో రెండు నూనె ప్యాకెట్లు తనే రాసి, డబ్బు అడగలేదు.

ఎవరికన్న నిర్ణయం పాస్టరుగారి మీద పెట్టకండి. ఆయన మీద పడితే ప్రతి ఇంటికీ సంజాయిషీ చెప్పుకోవాలి. బోరింగు దగ్గర నలుగురు ఆడవాళ్లను అడగండి, ఎవరి పొయ్యి రాజలేదో వాళ్లకు తెలుసు. సంఘంలో పేరున్నవాళ్లే కానక్కర్లేదు. ఫోటోలు మాత్రం వద్దే వద్దు. దూరదేశం నుంచి డబ్బు పంపే ఒకాయన ఫోటోలు అడిగితే అంగడి చీటీలు ఫోటో తీసి పంపాం. మరుసటి ఏడు ఆయన పంపలేదు. నష్టం నష్టమే, ఇప్పటికీ కొందరు పెద్దలు నన్ను దెప్పుతారు.

ఇంకొకటి. పొగాకు ఊళ్లలో శ్రమల కాలం నాటికి ఆకు పని ఉంటుంది, చేతిలో కాస్త కూలి ఆడుతుంది. అసలు కటకట వేలాలు ముగిసే రోజుల్లో, జూన్‌లో బడులు తెరిచాక. అందుకని మేము నలభై రోజుల్లో పోగుచేసి, సగం జూన్‌కు అట్టిపెడతాం. సముద్రం ఒడ్డు ఊళ్లయితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవల వేట నిషేధం ఉంటుంది కాబట్టి అక్కడ ఈస్టరు అయిన వెంటనే అవసరం.

మేము మళ్లీ ఒక తప్పు చేశాం, అది కూడా వినండి. క్రిస్మస్‌కు ఇంటింటికీ పాటలు పాడుతూ కేరల్స్‌కు వెళ్లినప్పుడు కానుక సంచి చూస్తే బీదవాళ్లు ఇబ్బంది పడతారని, ఒక ముసలామె ఇల్లు దాటేసి పోయాం. తెల్లారి ఆమె మా గుమ్మంలోకి వచ్చి, "మా ఇంటి ముందు పాట ఎందుకు పాడలేదమ్మా? నేను టీ నీళ్లు పోయలేననుకున్నారా?" అని నిలదీసింది. ఇప్పుడు సంచి గుడిలోనే ఉంచి, అన్ని ఇళ్లకూ వెళ్తాం. ఆమె ఇంట్లో ఉడకబెట్టిన శనగలు పెడుతుంది, ఇంకాస్త ఉప్పు పడాల్సింది అంటే కోపగిస్తుంది.

డబ్బాలు ఇచ్చేటప్పుడు మూత బిగువుగా ఉన్నవి చూసి కొనండి. అడుగున ఎండిన వేపాకు నాలుగు రెబ్బలు వేయమని చెప్పండి, లేకపోతే ఈస్టరు ముందు వచ్చే మట్టల ఆదివారం నాటికే పురుగు పడుతుంది.