క్రూయిజ్ ప్రయాణానికి ఎలాంటి బీమా తీసుకోవాలి?

ప్రశ్న: మా అబ్బాయి సియాటిల్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే వేసవిలో మేమిద్దరం వాడి దగ్గరకు వెళ్తున్నాం. జులైలో అందరినీ వారం రోజుల అలాస్కా క్రూయిజ్‌కు తీసుకువెళ్తానంటున్నాడు. నాకు 67 ఏళ్లు, గుండెకు స్టెంటు వేయించుకున్నాను. మా ఆవిడకు షుగరు, బీపీ ఉన్నాయి. బీమా ఇక్కడే తీసుకుని వెళ్లాలా, అక్కడ మా అబ్బాయి చేత తీయించాలా? క్రూయిజ్ కంపెనీ టికెట్‌తో పాటు అమ్మే బీమా సరిపోతుందా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ట్రావెల్ ఇన్సూరెన్స్ అనే ఒకే పేరు కింద నిజానికి రెండు వేర్వేరు రక్షణలు అమ్ముతుంటారు. ప్రయాణం రద్దయినా, మధ్యలో ఆగిపోయినా కట్టిన డబ్బు తిరిగి ఇచ్చేది ఒకటి; జబ్బు చేసినప్పుడు ఆసుపత్రి ఖర్చును, రోగిని ఓడ నుంచి పెద్ద ఆసుపత్రికి తరలించే ఖర్చును భరించేది రెండోది. చాలామంది మొదటిదాని గురించే ఆరా తీస్తారు. మీ వయసులో, మీ ఆరోగ్య పరిస్థితిలో ముందుగా చూడవలసింది రెండోదాన్ని. టికెట్ల డబ్బు పోతే బాధే గాని దానితో ఇల్లు గుల్ల కాదు. అమెరికాలో ఆసుపత్రి బిల్లుతో అవుతుంది.

పెద్ద క్రూయిజ్ ఓడల్లో డాక్టరు, నర్సులు ఉంటారు. ఈసీజీ తీయడం, సెలైన్ పెట్టడం, రోగి పరిస్థితి విషమించకుండా చూడడం వరకూ వాళ్లు చేయగలరు. యాంజియోప్లాస్టీ లాంటివి అక్కడ జరగవు. ఆ కాస్త వైద్యమూ ఉచితం కాదు. బిల్లు మీ గది ఖాతాలో పడుతుంది, దాన్ని ముందు మీరే చెల్లించి, ఆ తరువాత బీమా కంపెనీని అడగాలి. కాబట్టి తగినంత పరిమితి ఉన్న క్రెడిట్ కార్డు ఎవరో ఒకరి దగ్గర ఉండాలి. ఓడ దిగే ముందు వివరాలతో కూడిన బిల్లు, డాక్టరు రాసిన రిపోర్టు, చెల్లింపు రసీదు మూడూ అడిగి తీసుకోవాలి.

అసలు ఖర్చు ఓడ దిగాక మొదలవుతుంది. ఈ క్రూయిజ్‌లు ఎక్కువగా ఆగే జూనో, అలాస్కా రాజధానే అయినా, బయటి నుంచి ఆ ఊరికి రోడ్డు లేదు. విమానంలోనో పడవలోనో చేరుకోవాలి. అక్కడి ఆసుపత్రిలో అందని గుండె వైద్యం అవసరమైతే రోగిని ఎయిర్ అంబులెన్సులో సియాటిల్‌కో యాంకరేజ్‌కో తరలించాలి. దీనికి పదుల వేల డాలర్లు అవుతుంది. అందువల్ల వైద్య తరలింపు కింద కనీసం 2.5 లక్షల డాలర్లు, వైద్యం కింద వీలైతే అంతే మొత్తం ఉండాలన్నది నా అభిప్రాయం. ప్రీమియంలో కొద్దిపాటి తేడా కోసం 50 వేల డాలర్ల పాలసీతో సరిపెట్టుకోవద్దు.

ఇక స్టెంటు సంగతి. మన దేశపు కంపెనీల విదేశీ ప్రయాణ పాలసీలను ఇక్కడ బయలుదేరక ముందే తీసుకోవాలి. దరఖాస్తులో స్టెంటు, షుగరు, బీపీ అన్నీ రాయండి. ‘అవన్నీ రాస్తే ప్రీమియం పెరుగుతుంది, వదిలేయండి’ అనే ఏజెంటు మాట వినకండి, ఎందుకంటే క్లెయిము వచ్చినప్పుడు పాత రికార్డులన్నీ తెప్పించి చూస్తారు, దాచారని తేలితే మొండిచేయి చూపిస్తారు. రాసినా కూడా, పాత జబ్బులకు చాలా పాలసీలు ప్రాణాపాయ స్థితిలో మాత్రమే, అదీ ఒక పరిమితి వరకే చెల్లిస్తాయి. ఆ పరిమితి ఎంతో పాలసీ షెడ్యూల్‌లో చూడండి. ముఖచిత్రం మీద పెద్ద అక్షరాల్లో వేసిన మొత్తాన్ని చూసి నిశ్చింతగా ఉండవద్దు.

అమెరికాలో సందర్శకుల కోసం అమ్మే పాలసీల్లో రెండు రకాలున్నాయి. ఒక్కో చికిత్సకు ఇంత అని ముందే గిరి గీసిన చవక పాలసీలు ఒక రకం. వాటి జోలికి వెళ్లకండి. కాంప్రహెన్సివ్ అనే రెండో రకంలో డిడక్టిబుల్ (ముందుగా మీరే భరించవలసిన మొత్తం) పోను, పాలసీలో చెప్పిన శాతం మేరకు ఖర్చు భరిస్తారు, నెట్‌వర్క్ ఆసుపత్రులు చాలావరకు బిల్లు నేరుగా బీమా కంపెనీకే పంపుతాయి. పాత జబ్బు హఠాత్తుగా తిరగబెడితే, సాధారణంగా 24 గంటల లోపల వైద్యం కోసం వెళితేనే ఇవి వర్తిస్తాయి. ఈ వెసులుబాటుకు 70 లేదా 80 ఏళ్ల పరిమితి పెడుతుంటారు. మీ పరిస్థితికి ఈ రెండో రకమే మేలని నేననుకుంటున్నాను. అయితే ఓడ మీద ఉన్నప్పుడు, కెనడా రేవులో దిగినప్పుడు కూడా వర్తిస్తుందా అని మీ అబ్బాయి ఈమెయిల్‌లో అడిగి, జవాబును దాచుకోవాలి. ఫోన్లో చెప్పిన మాటకు విలువ ఉండదు.

క్రూయిజ్ కంపెనీ అమ్మే బీమా తీసుకోవడం సులువే. కాని అందులో వైద్యానికీ తరలింపుకూ ఇచ్చే మొత్తాలు తరచుగా తక్కువగా ఉంటాయి, విడిగా కొన్న విమాన టికెట్లు దాని పరిధిలోకి రాకపోవచ్చు, రద్దు చేసుకుంటే నగదుకు బదులు వచ్చే క్రూయిజ్‌లో వాడుకునే క్రెడిట్ ఇచ్చే పద్ధతీ ఉంది. మీ అబ్బాయి, కోడలు తమ ప్రయాణ ఖర్చుకు బయట విడి పాలసీ తీసుకోవడం మంచిది. మొదటి డిపాజిట్ కట్టిన 14 నుంచి 21 రోజుల లోపల, తిరిగి రాని ఖర్చు మొత్తానికీ తీసుకుంటే పాత జబ్బులకు చెల్లించబోమన్న షరతును ఎత్తివేసే పాలసీలు అక్కడ దొరుకుతాయి. గుంటూరులో ఉన్న దగ్గరి బంధువుకు ప్రాణం మీదకు వచ్చి ప్రయాణం మానుకోవలసి వస్తే కూడా ఈ పాలసీ ఉపయోగపడుతుంది. వీటిలో చాలావరకు అమెరికా నివాసులకే అమ్ముతారు కనుక మీ ఇద్దరి టికెట్ల మాట ప్రత్యేకంగా అడగాలి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. విదేశీ జెండా కింద నడిచే ఓడ అమెరికా రేవులో బయలుదేరి అదే రేవుకు తిరిగి రావాలంటే, 1886 నాటి అమెరికా చట్టం కారణంగా మధ్యలో మరో దేశపు రేవును తాకాలి. అందుకే సియాటిల్ ఓడలు విక్టోరియాలో ఆగుతాయి. అది కెనడా, భారత పాస్‌పోర్టుకు అక్కడి వీసా కావాలి, తిరిగి అమెరికాలో అడుగుపెట్టడానికి మీ అమెరికా వీసా చెల్లుబాటులో ఉండాలి. పత్రాలు లేవని ఓడ ఎక్కనివ్వకపోతే ఏ బీమా కంపెనీ పైసా ఇవ్వదు. టికెట్లకు ముందే కెనడా వీసా పని చూసుకోండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. సెప్టెంబరులో గాల్వెస్టన్ నుంచి కరీబియన్ క్రూయిజ్ బుక్ చేశాం. తుఫాను వస్తే బీమా డబ్బు వస్తుందా? మా నాన్నగారికి మెడికేర్ (పెద్ద వయసువారికి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) ఉంది, ఆయనకు వేరే పాలసీ అవసరమా?
— ఒక పాఠకురాలు, టెక్సాస్

జవాబు: అట్లాంటిక్ తుఫానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు, అందులో తీవ్రత ఎక్కువగా ఉండేది మీరు ఎంచుకున్న సెప్టెంబరులోనే. తుఫానుకు పేరు పెట్టాక కొన్న పాలసీ ఆ తుఫానుకు వర్తించదు, కాబట్టి ఆలస్యం చేయవద్దు. పైగా కంపెనీలు క్రూయిజ్‌ను రద్దు చేయడం కన్నా దారి మళ్లించడమే ఎక్కువ. మెక్సికోలోని కొజుమెల్‌కు బదులు మరో రేవు చూపించినంత మాత్రాన పరిహారం పెద్దగా రాదు. ఏ కారణం చేతనైనా మానుకునే హక్కు కావాలంటే అది అదనపు ప్రీమియంతో దొరుకుతుంది. సాధారణంగా 48 గంటల ముందు రద్దు చేసుకుంటే ఖర్చులో 50 నుంచి 75 శాతం తిరిగి వస్తుంది.

మెడికేర్‌ను నమ్ముకోకండి. అమెరికా రేవుకు ఆరు గంటల ప్రయాణ దూరం దాటాక ఓడ మీద జరిగే వైద్యానికి అది చెల్లించదు. నాన్నగారికి విడి పాలసీ తప్పనిసరి.

ప్రశ్న: సింగపూర్ నుంచి వెళ్లిన క్రూయిజ్‌లో మా ఆవిడ డెక్ మీద జారిపడి మణికట్టు విరిగింది. ఓడ డాక్టరు కట్టు కట్టాడు. 24 గంటల్లో తెలియజేయలేదంటూ బీమా కంపెనీ క్లెయిము తిరస్కరించింది. ఓడలో ఫోను పనిచేయలేదు. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నిజమైన క్లెయిమును కేవలం ఆలస్యంగా తెలిపారన్న కారణంతో తిరస్కరించరాదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2011 సెప్టెంబరులోనే కంపెనీలకు సర్క్యులర్ ఇచ్చింది. దాన్ని ఉటంకిస్తూ, ఫోను అందకపోవడానికి కారణం వివరిస్తూ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ కార్యాలయం పరిధిలోవే. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, తిరస్కరించిన ఏడాది లోపల వెళ్లాలి. ఇదే విషయమై వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసి ఉంటే మాత్రం అంబుడ్స్‌మన్ తీసుకోరు; కనుక ముందు ఏ గడప తొక్కాలో తేల్చుకోండి.