మూడేళ్ల ఎంపీ

ప్రశ్న: దాదాభాయి నౌరోజీ బ్రిటిష్ పార్లమెంటులో మూడేళ్లే ఉన్నారు కదా, ఏం సాధించారు?

జవాబు: ముందు అక్కడిదాకా వెళ్లడం చూడండి. 1886లో లండన్‌లోని హోల్‌బర్న్ నియోజకవర్గంలో ఓడిపోయారు. 'నల్లమనిషి'ని మనవాళ్లు ఎన్నుకుంటారా అని 1888లో ప్రధాని సాలిస్‌బరీ బహిరంగంగానే అన్నాడు. ఎంత అవమానం! 1892లో సెంట్రల్ ఫిన్స్‌బరీ ఓటర్లు లిబరల్ అభ్యర్థిగా ఆయన్నే గెలిపించారు, వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఓట్ల తేడాతో. అప్పటికి ఆయనకు 66 ఏళ్లు. పార్సీ కాబట్టి తమ పవిత్ర గ్రంథం అవెస్తా పట్టుకుని ప్రమాణం చేశారు.

నన్నడిగితే అసలు విజయం 1893లోది. ఐసీఎస్ (బ్రిటిష్ ఇండియాలో ఉన్నతోద్యోగాల) పరీక్ష లండన్‌తో పాటు ఇండియాలోనూ ఒకేసారి పెట్టాలని ఆయన బలపరిచిన తీర్మానం సభలో నెగ్గింది. ప్రభుత్వం దాన్ని పక్కన పడేసింది. 1895లో ఆయన ఓడిపోయారు, 1917లో కన్నుమూశారు. ఇక్కడ పరీక్ష మొదలైంది 1922లో.