పుప్పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోతుందా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 34. కొన్నేళ్లుగా పూతల కాలం వచ్చిందంటే పగలు తుమ్ములు, రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు. గడ్డి పుప్పొడి ఎలర్జీ అని పరీక్షలో తేలింది. ఇన్‌హేలర్ రాసిచ్చారు. ఇన్నేళ్లుగా పీల్చిన పుప్పొడంతా లోపలే పేరుకుపోయిందేమోనని టెన్షన్‌గా ఉంది. ఊపిరితిత్తులను కడిగేసే సిరప్ ఉందంటున్నారు. వాడొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: పేరుకుపోదమ్మా. ముందు ఆ భయం వదిలేయండి. ఇదే ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు. మీకు ఆయాసం వస్తున్నది పాత పుప్పొడి లోపల మిగిలిపోవడం వల్ల కాదు.

గడ్డి పుప్పొడి రేణువు సాధారణంగా 20 మైక్రాన్ల పైమాటే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 10 మైక్రాన్లు దాటినవి చాలావరకు ముక్కులో, గొంతులో చిక్కుకుంటాయి. మీకు ముందు తుమ్ములు రావడం అందుకే. అయితే తడి తగిలితే ఈ రేణువు పగులుతుంది. లోపలున్న పిండి కణాలు, 3 మైక్రాన్లకు మించనివి, ఎలర్జీ కలిగించే ప్రొటీన్లను మోసుకుంటూ బయటపడతాయి. ఇవి ఊపిరితిత్తుల దాకా వెళ్లగలవు. 2016 నవంబర్ 21న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో గడ్డి పుప్పొడి ఎక్కువగా ఉన్న రోజున ఉరుముల గాలివాన వచ్చింది. వేలమంది ఆయాసంతో ఆసుపత్రులకు పరుగెత్తారు, పదిమంది చనిపోయారు. బాధితుల్లో అంతకుముందు ఆస్తమా లేనివాళ్లూ ఉన్నారు. ఎలర్జీ ఉన్నవాళ్లు ఉరుముల వాన వేళ ఇంట్లో తలుపులు వేసుకుని ఉండాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

లోపలికి వెళ్లినవాటిని పంపేయడానికి గాలి గొట్టాల గోడల మీద సన్నని నూగు ఉంటుంది. సిలియా అంటాం. ఒక్కో కణం మీద దాదాపు 200. సెకనుకు 10 నుంచి 20 సార్లు కదులుతూ, పైనున్న శ్లేష్మాన్ని గొంతు వైపు తోస్తాయి. ఎస్కలేటర్ ఎక్కిన మనిషిలా దుమ్మూ పుప్పొడీ దానితోపాటే పైకొస్తాయి. మనకు తెలియకుండానే మింగేస్తాం, మిగతా పని కడుపుది. పొగ తాగితే ఈ నూగు దెబ్బతింటుంది. చివరన ఉండే గాలి తిత్తుల్లో నూగు ఉండదు. అక్కడ మాక్రోఫేజ్‌లనే కణాలు కాపలా తిరుగుతూ, చిక్కినదాన్ని మింగి అరిగించుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఇవి వాపు రేపకుండానే పని ముగిస్తాయి. నాకు వీటిలో అన్నిటికన్నా అపురూపంగా అనిపించే గుణం ఇదే.

ఇంత ఏర్పాటు మీకూ ఉంది. మరి ఆయాసం ఎందుకు? శ్లేష్మం రేణువును మోసుకెళ్లేలోపే, తడిసిన కొద్ది నిమిషాల్లోనే ప్రొటీన్లు అందులోంచి కరిగి బయటికొస్తాయి. ఎలర్జీ లేనివాళ్లలో వాటిని శరీరం పట్టించుకోదు. మీ శరీరం మాత్రం ఎప్పుడో వాటిని శత్రువుగా గుర్తుపెట్టుకుని, వాటికోసమే ఐజీఈ అనే యాంటీబాడీ తయారుచేసుకుంది. మాస్ట్ కణాలు ఆ యాంటీబాడీని అంటించుకుని సిద్ధంగా ఉంటాయి. ప్రొటీన్ తగలగానే హిస్టమిన్ లాంటి రసాయనాలు వదులుతాయి. గొట్టాలు బిగుసుకుంటాయి, శ్లేష్మం చిక్కబడుతుంది. అంతటితో అయిపోదు. నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత ఇంకొన్ని తెల్లరక్త కణాలు వచ్చి చేరడంతో వాపు మళ్లీ పెరుగుతుంది. సాయంత్రం పీల్చిన పుప్పొడికి అర్ధరాత్రి పిల్లికూతలు రావడానికి ఇదీ ఒక కారణం.

ఇక సిరప్ సంగతి. తాగింది కడుపులోకి పోతుంది తప్ప గాలి గొట్టాల్లోకి కాదు. కడగడానికి అక్కడ పాత పుప్పొడీ లేదు. ఆ డబ్బు దండగ చేసుకోకండి. దాన్ని నమ్ముకుని ఇన్‌హేలర్ మానేస్తే ప్రమాదం కూడా. రోజూ వాడమని ఇచ్చే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ నేరుగా ఆ వాపు మీదే పనిచేస్తుంది. బాగుంది కదా అని మధ్యలో ఆపకండి. రాత్రిళ్లు నిద్ర చెడుతోందంటే ఆస్తమా అదుపులో లేనట్టే, వాయిదా వేయకుండా మీ డాక్టరుకు చెప్పండి.

శరీరం పెట్టుకున్న ఆ గుర్తునే మార్చే చికిత్స ఒకటుంది. 1911లో లండన్‌లో లెనార్డ్ నూన్ గడ్డి పుప్పొడి సారాన్నే కొద్దికొద్దిగా ఇంజెక్షన్‌గా ఇచ్చి దీనికి బాట వేశారు. ఇప్పుడు నాలుక కింద పెట్టుకునే మాత్రలు కూడా ఉన్నాయి. సాధారణంగా మూడేళ్లు ఓపిక పట్టాలి. ముందు ఆస్తమా అదుపులోకి రావాలి. అప్పుడు మీకు సరిపోతుందో లేదో ఎలర్జీ నిపుణులను అడగండి.