సముద్రపు గాలిలో గోల్ఫ్‌కి ఏ క్లబ్బు అని అడిగారు, నేనైతే బంతిని దొర్లించే పుట్టర్ గురించి చెప్తాను

మీ ప్రశ్న ఇదీ: "ఇంతకాలం చెట్ల మధ్య ఉన్న కోర్సుల్లోనే ఆడాను. హ్యాండిక్యాప్ (స్థాయిని బట్టి ఇచ్చే దెబ్బల రాయితీ) 18. వచ్చే నెల మొదటిసారి సముద్రం ఒడ్డున ఉన్న కోర్సులో ఆడబోతున్నాను, కొంచెం టెన్షన్‌గా ఉంది. బ్యాగులో ఏ క్లబ్బులు పెట్టుకోవాలి, ఎన్ని బంతులు తీసుకెళ్ళాలి?"

క్లబ్బులు, అంటే బంతి కొట్టే కర్రలు, 14 దాటకూడదన్నది మీకు తెలిసిందే. ఆ పద్నాలుగూ ఇప్పటికే మీ దగ్గర ఉండి ఉంటాయి, కొత్తగా ఏమీ కొనకండి. మార్చుకోవాల్సింది ఒక్కటే, బంతిని ప్రతిసారీ ఎత్తుగా లేపాలన్న అలవాటు. మనకు గోల్ఫ్ నేర్పే పద్ధతిలోనే లోపం ఉందని నేను గట్టిగా నమ్ముతాను. ప్రాక్టీస్ రేంజిలో నిలబెట్టి మొదటి రోజు నుంచీ "బంతి లేవాలి, లేవాలి" అంటారు. అది ఎత్తుగా లేచి మెత్తటి గ్రీన్ (కప్పు చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) మీద దిగి అక్కడే ఆగిపోతే చప్పట్లు కొడతారు. నేల మీద దొర్లించి గ్రీన్ ఎక్కించిన వాడిని మాత్రం అదృష్టవంతుడంటారు. ఆట పుట్టిందే స్కాట్లాండ్ తీరంలోని ఇసుక నేలల మీద. అక్కడ బంతిని దొర్లించడమే అసలు ఆట. సముద్రపు కోర్సుకి వెళ్ళాక మనం తెల్లముఖం వేయడానికి కారణం చేతకానితనం కాదు, ఆటలో సగం మనకు ఎవరూ నేర్పకపోవడం.

ఒక హోల్‌లో నాకు జరిగింది వివరంగా చెప్తాను. ఇలాంటి కోర్సులో మామూలు ఆటగాడికి వచ్చే కష్టాలన్నీ అక్కడ వరసగా వచ్చాయి.

పార్ 3, అంటే మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్, దూరం 130 గజాలు. టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) చుట్టూ ఇసుక దిబ్బలు, గ్రీన్ కిందుగా, దాని ఎడమ పక్కన సముద్రం. దిబ్బల చాటున నిలబడితే గాలి ఉన్నట్టే తెలియదు. జెండా మాత్రం మా వైపు బిర్రుగా ఎగురుతోంది. నాతోపాటు నా స్నేహితుడొకడు, ఆ రోజే పరిచయమైన ఒక పెద్దాయన ఉన్నారు. స్నేహితుడు 130 గజాలకి ఎప్పుడూ కొట్టే 9 ఐరనే (ఐరన్ అంకె పెరిగేకొద్దీ బంతి ఎత్తుగా లేచి దగ్గర పడుతుంది) తీసి, గాలి ఉంది కదా అని ఇంకాస్త బలంగా కొట్టాడు. బంతి చక్కగా లేచింది. దిబ్బల ఎత్తు దాటగానే గాలి దాన్ని ఇంకా పైకి ఎత్తి, ఒక క్షణం ఆపేసి, గ్రీన్‌కి చాలా ముందే నిట్టనిలువుగా పడేసింది. అందరం చేసేది ఇదే. బలంగా కొడితే బ్యాక్‌స్పిన్ పెరుగుతుంది. ఎదురుగాలిలో ఆ స్పిన్‌కి బంతి మరింత పైకి లేస్తుంది, దూరం ఇంకా తగ్గుతుంది. కాబట్టి గాలి ఎంత ఎదురొస్తే అంత నెమ్మదిగా కొట్టాలి. నేను 6 ఐరన్ తీసి, పిడి కాస్త కిందికి పట్టుకుని, బంతిని కుడి కాలి వైపు కొంచెం జరిపి, సగం కంటే కాస్త ఎక్కువ స్వింగ్‌తో కొట్టాను. బంతి తల ఎత్తు కంటే కొంచెం పైన వెళ్ళి, గ్రీన్ ముందు పడి, దొర్లుకుంటూ ఎక్కి, జెండాకి పన్నెండడుగుల దూరంలో ఆగింది. పెద్దాయన "అదండీ షాట్" అన్నారు.

గ్రీన్ ఇంకా నలభై గజాలు ఉందనగా పెద్ద ఈదర కొట్టింది. "అన్నా, నీ బంతి కదులుతోంది చూడు!" అని మావాడు అరిచాడు. నిజంగానే కదులుతోంది. ముందు మెల్లగా, వాలు దొరికాక వేగంగా, గ్రీన్ దాటి ఎడమ పక్క పాట్ బంకర్ అనే ఇసుక గుంటలోకి దిగిపోయింది. అక్కడ మొదలైంది వాదన. ఆగిన బంతి కాబట్టి వెనక్కి పెట్టుకోవచ్చని మావాడు, పెనాల్టీ కూడా ఉంటుందేమోనని పెద్దాయన. రెండూ కావు. గ్రీన్ మీద మీరు బంతికి మార్క్ పెట్టి, ఎత్తి, తిరిగి పెట్టాక గాలికి కదిలితే దాన్ని పాత చోటికే తేవాలి, పెనాల్టీ లేదు. ఇంకా ఎత్తి పెట్టకముందే గాలి కదిపితే మాత్రం ఎక్కడ ఆగితే అక్కడి నుంచే ఆడాలి. అందుకే సముద్రపు కోర్సులో గ్రీన్ చేరగానే కబుర్లు ఆపి ముందు మార్క్ పెట్టండి. ఇది మనలాంటి వాళ్ళకే వచ్చే ఇబ్బంది అనుకోకండి. 2015లో స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో జరిగిన ఓపెన్ అనే పెద్ద గోల్ఫ్ పోటీలో శనివారం గ్రీన్ల మీద బంతులు నిలవక గంటల తరబడి ఆట ఆపేశారు. పోటీ సోమవారం దాకా సాగింది.

బంకర్ సంగతి. పాట్ బంకర్ చూడకపోతే ఊహించుకోవడం కష్టం. చిన్న గుంట, లోతు ఎక్కువ. గ్రీన్ వైపు గోడని గడ్డి పెళ్ళలతో, ఇటుకలు పేర్చినట్టు, నిటారుగా కడతారు. నా బంతి ఆ గోడకి జానెడు దూరంలో ఉంది. గోడ నా ఛాతీ ఎత్తు. మొదటి దెబ్బకి బంతి పై వరసకి తగిలి, తిరిగొచ్చి నా మోకాలి కింద కొట్టి, దాదాపు మొదటి చోటే పడింది. "ఒంటికి తగిలింది, పెనాల్టీ" అన్నారు పెద్దాయన. 2019కి ముందు అది నిజమే. ఆ ఏడాది నియమాలు మారాక, కొట్టిన బంతి పొరపాటున మనకే తగిలితే పెనాల్టీ లేదు. అదే మార్పులో ఇంకో వెసులుబాటు కూడా ఇచ్చారు. బంకర్‌లో బంతి ఆడలేని స్థితిలో ఉంటే, రెండు స్ట్రోకులు (దెబ్బలు) పెనాల్టీగా వేసుకుని, జెండాకీ బంతికీ కలిపిన గీత మీద వెనక్కి వెళ్ళి బంకర్ బయట డ్రాప్ చేసుకోవచ్చు. ఇది చాలామందికి తెలియక, బంకర్‌లోనే నిలబడి స్కోరంతా పోగొట్టుకుంటారు.

నేను ఆ రెండు స్ట్రోకులు ఇవ్వలేదు. జెండాకి వీపు పెట్టి, వచ్చిన దారి వైపే బంతిని బయటికి కొట్టాను. గ్రీన్‌కి ఇరవై గజాల వెనక పడింది. అక్కడి నుంచి పుట్టర్ తీశాను. మావాడు "గ్రీన్ మీద లేవు కదా!" అన్నాడు. కత్తిరించినట్టున్న గట్టి నేల, ఎదురుగా చిన్న మిట్ట, దాని మీదుగా బంతి దొర్లుకుంటూ వెళ్ళి కప్పుకి రెండడుగుల్లో ఆగింది. మొత్తం అయిదు, డబుల్ బోగీ, అంటే పార్ కంటే రెండు ఎక్కువ. ఆ రోజు ఆడిన అన్ని షాట్లలోనూ నాకు అత్యంత ఇష్టమైనవి ఆ వెనక్కి కొట్టిన షాటూ, ఈ పుట్టర్ షాటే. పక్కనుంచి వెడ్జ్‌తో లేపబోయిన మావాడి బంతి మాత్రం నేలబారున దూసుకుపోయి, గ్రీన్ మీదుగా అవతల గడ్డిలో పడింది. అది వాడి తప్పు కాదు. వెడ్జ్ అడుగు మందంగా ఉంటుంది. మెత్తటి నేలలో అది మేలు చేస్తుంది. ఇలాంటి బిగుతైన ఇసుక నేల మీద అది తగిలి ఎగిరి, అంచు వచ్చి బంతి నడుముకి కొడుతుంది. పుట్టర్‌కి ఆ బాధ లేదు. మీరు ఎంత చెత్తగా పుట్ చేసినా, చెత్తగా తగిలిన వెడ్జ్ కంటే దగ్గరే ఉంటుంది.

చిన్న హోల్ అని తేలిగ్గా తీసుకోకండి. స్కాట్లాండ్‌లో రాయల్ ట్రూన్ ఎనిమిదో హోల్ 123 గజాలే, దాన్ని పోస్టేజ్ స్టాంప్ అంటారు. 1950 ఓపెన్‌లో హెర్మన్ టిసీస్ అనే జర్మన్ ఔత్సాహిక ఆటగాడు బంకర్ నుంచి బంకర్‌కి తిరిగి అక్కడ 15 చేశాడు. 1973లో అదే హోల్‌లో జీన్ సారజెన్ 71 ఏళ్ళ వయసులో ఒక్క దెబ్బకే కప్పులో వేశాడు. మర్నాడు బంకర్‌లో పడితే అక్కడి నుంచి నేరుగా కప్పులోకి కొట్టాడు. హోల్ అదే. గాలికి, ఇసుకకి ఎదురు నిలిచే తీరు మారితే అంకె అంత మారుతుంది.

ఇక్కడ నాకున్న ఒక కోపం చెప్పుకోవాలి. ఈ మధ్య ఒడ్డున కట్టే కోర్సులకి రాత్రీపగలూ నీళ్ళు పెట్టి, ఫోటోల కోసం పచ్చగా మెరిపిస్తున్నారు. నేల మెత్తబడితే బంతి పడ్డచోటే ఆగిపోతుంది, దొర్లించే ఆట చచ్చిపోతుంది. గాలి మాత్రం అలాగే ఉంటుంది. అంటే ఎత్తుగా కొడితే గాలి తీసుకుపోతుంది, కిందుగా కొడితే నేల ఆపేస్తుంది. ఇది ఆటగాడికి అన్యాయం. 2006లో ఇంగ్లండ్‌లోని హోయ్‌లేక్ కోర్సు ఎండకి గోధుమ రంగులోకి మారి గట్టిపడితే, టైగర్ వుడ్స్ ఆ ఓపెన్ నాలుగు రౌండ్లలో, అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బైన డ్రైవర్‌ని ఒక్కసారే వాడి గెలిచాడు. ఐరన్లతో కిందుగా కొట్టి, నేల మీద పరిగెత్తించాడు. ఎండిన గడ్డి చూసి "మెయింటెనెన్స్ లేదు" అని ఫిర్యాదు చేసేవాళ్ళు ఒకసారి ఆ ఆట చూడాలి.

"సముద్రపు గాలి బరువు, తేమకి బంతి పోదు" అనే మాట కూడా మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అది తప్పు. తేమ ఉన్న గాలి పొడిగాలి కంటే కొంచెం తేలిక, ఎందుకంటే నీటి ఆవిరి అణువులు నత్రజని, ఆక్సిజన్ అణువుల కంటే తేలిక. బంతి దగ్గర పడేది చల్లటి గాలిలో, ఎదురుగాలిలో. ఎండ కాసే రోజుల్లో నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది కాబట్టి, పొద్దున ప్రశాంతంగా ఉన్న ఒడ్డు మీద మధ్యాహ్నానికి సముద్రం వైపు నుంచి గాలి పుంజుకుంటుంది. వీలైతే పొద్దున్నే టీ టైమ్ తీసుకోండి. పక్కగాలితో పోట్లాడకండి, దానికి తగ్గట్టు గురి పక్కకి పెట్టి వదిలేయండి. వెనక గాలి ఉంటే బంతి గ్రీన్ మీద ఆగదు, ముందే దింపండి. ఎదురుగాలి తీసేసుకున్నంత దూరం వెనక గాలి తిరిగి ఇవ్వదు, కాబట్టి రెండూ కలిసి సరిపోతాయని లెక్క వేసుకోకండి.

స్కోరు గురించి కూడా ఒక మాట. మొదటిసారి వెళ్తూ ప్రతి స్ట్రోకూ లెక్కపెట్టే ఆట ఆడకండి. హోల్ హోల్‌కీ గెలుపోటములు చూసే మ్యాచ్ ప్లే ఆడండి. అందులో ఒక హోల్‌లో 11 వచ్చినా పోయేది ఆ ఒక్క హోలే. స్ట్రోక్ ప్లేలో కార్డు ఇవ్వాల్సి వచ్చినా భయం లేదు. 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతిలో హ్యాండిక్యాప్ లెక్కకి ఒక్కో హోల్‌కి నెట్ డబుల్ బోగీ (పార్ మీద రెండు, దానికి ఆ హోల్‌లో మీకొచ్చే రాయితీ స్ట్రోకులు కలిపి) దాకానే తీసుకుంటారు. మీకు హోల్‌కో స్ట్రోక్ వస్తే అది పార్ మీద మూడు. ఆ తర్వాత ఎన్ని కొట్టినా మీ హ్యాండిక్యాప్‌కి పట్టదు.

బంతుల సంగతి చివరికి పెట్టాను, కారణం ఉంది. సాధారణంగా ఆడేటప్పుడు తీసుకెళ్ళేవే తీసుకెళ్ళండి, సంచీ నింపుకుని వెళ్ళొద్దు. దిబ్బల మీద పొడుగు గడ్డిలో పడిన బంతిని వెతకడానికి 2019 నుంచి మూడు నిమిషాలే గడువు, అంతకుముందు అయిదు ఉండేది. అనుమానంగా ఉంటే టీ మీదే "ప్రొవిజనల్" (తాత్కాలిక బంతి) అని పైకి చెప్పి ఇంకో బంతి కొట్టండి, చెప్పకపోతే అది ప్రొవిజనల్‌గా చెల్లదు, పెనాల్టీతో అదే మీ ఆట బంతి అవుతుంది. వెతికేటప్పుడు నలుగురూ దిబ్బ మీదికి ఎక్కి తొక్కకండి. ఆ గడ్డి వేళ్ళే ఇసుకని పట్టి ఉంచేది. అవి తెగితే దిబ్బ కదులుతుంది, దిబ్బ పోతే సముద్రానికీ కోర్సుకీ మధ్య అడ్డం ఉండదు. చాలా కోర్సుల్లో అలాంటి చోట్లని నో ప్లే జోన్‌గా, అంటే ఆడకూడని చోటుగా, గుర్తు పెడతారు, దాన్ని గౌరవించండి.

ఇంకోటి, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇది. ఎదురుగా నీళ్ళు కనిపిస్తే చాలు, పాత బంతి తీసి "పోతే పోయింది" అని కొడతారు. కొందరైతే సరదాకి నీళ్ళలోకే వరసగా కొడతారు. కాలిఫోర్నియాలో పెబుల్ బీచ్ చుట్టుపక్కల సముద్రం అడుగు నుంచి కొందరు యువ డైవర్లు రెండేళ్ళలో 50 వేలకు పైగా బంతులు తీశారు, 2019లో దాని మీద పరిశోధనా పత్రం కూడా వచ్చింది. బంతి పై పొర ప్లాస్టిక్, లోపల జింక్ సమ్మేళనాలు ఉంటాయి. అలలకి అరిగి అదంతా నీళ్ళలోనే కలుస్తుంది. కాబట్టి సముద్రం మీదుగా కొట్టాల్సిన హోల్ వస్తే, మీరు పోగొట్టుకోవడానికి ఇష్టపడని మంచి బంతినే టీ మీద పెట్టండి. దాటించగలనన్న నమ్మకం లేకపోతే ఫెయిర్‌వే (గ్రీన్ దాకా కత్తిరించిన గడ్డి దారి) ఉన్న పక్కకి చిన్న క్లబ్బుతో కొట్టి, మిగతాది నేల మీదుగా రండి. ఒక స్ట్రోక్ ఎక్కువైతే అవుతుంది.